సూర్యగ్రహణములు - అయనావరణము : అవనాశి నుండి కొడైకెనాలు వఱకు

కోయంబత్తూరు, మధుర మండలములలో తెలుగువారు నివసించుట నిన్న మొన్నటి మాట కాదు. విజయనగర ప్రభువుల ప్రతినిధిగా వచ్చిన విశ్వనాథ నాయకుడు 16వ శతాబ్ది పూర్వార్ధమున మధురయందు పాలన నెలకొల్పెను. అప్పటి నుండియు, కొన్ని తావుల నంతకు ముందు నుండియు, కమ్మవారు, బలిజలు, రాజకంబళపు నాయకులు మొదలగు పలువురు ఈ సీమలలో నల్లరేగడి దున్నిరి, మగ్గములు నేసిరి, పాలెము లేలిరి. వీరి చరిత్ర వ్రాయువారు కోటలను, కోవెలలను, కావ్యములను పేర్కొందురు. అది యుచితమే. కాని యీ నేలమీది యాకాశమునకును ఒక చరిత్ర కలదు. సూర్యగ్రహణముల మూలమున మానవుడు సూర్యుని గూర్చియు, భూమిపైనున్న విద్యున్మయమగు వాయుమండలమును గూర్చియు తెలిసికొన్న విషయములలో కొన్ని ఈ సీమలతో నేరుగా ముడిపడియున్నవి. ఆ కథ మన పిల్లలకు తెలియదు. పెద్దలలోను పలువురకు తెలియదు.

ఈ వ్యాసమున ప్రతిపాదింపబడు విషయ మొక్కటే. గ్రహణము ఆకాశమునకు క్రొత్తగా దేనిని చేర్చదు. ఉన్నదానిని కొంతసేపు తీసివేయును. అది కూడిక కాదు, తీసివేత. శాస్త్రజ్ఞులకు గ్రహణ మంత ప్రియమగుటకు కారణ మీ తీసివేతయే. ఈ మాట నిపుడు విడమరచి చెప్పవలసిన యవసరము కలదు. గ్రహణవేళ వింత కిరణములు పుట్టుననియు, వానివలన అన్నము, నీరు, గర్భస్థ శిశువు చెడుననియు, దీనిని నేటి విజ్ఞానశాస్త్రమే నిరూపించినదనియు చెప్పువారు నేడును కలరు. శాస్త్రము నిజముగా నిరూపించిన దేమో చరిత్రక్రమమున పరిశీలింతము.

అవనాశి గ్రహణము

1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగు దేశము మీదుగా సాగెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఆంగ్లేయుడు టెన్నెంట్ గుంటూరునందును, మద్రాసు నక్షత్రశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణమునందును దానిని పరిశీలించిరి. మద్రాసు నక్షత్రశాలలో పాగ్సనునకు సహాయకుడుగా నున్న చింతామణి రఘునాథాచారి నైజాము రాజ్యమునందలి వనపర్తికి పోయి చూచెను. సూర్యబింబపు టంచున ఎఱ్ఱని జ్వాలలవలె కనబడునవి మండుచున్న వాయువులని వర్ణపటదర్శిని నాడు సాక్ష్యమిచ్చెను. ఆ వర్ణపటమున కనబడిన పసుపుపచ్చని గీత తరువాతి కాలమున హీలియమను మూలద్రవ్యమునకు గుర్తయ్యెను.

మూడేండ్లు గడచిన పిదప, 1871 డిసెంబరు 12వ తేదీని మఱియొక సంపూర్ణ గ్రహణము వచ్చెను. ఈసారి నీడ మలబారు తీరమున ప్రవేశించి, నీలగిరులను దాటి, కోయంబత్తూరు మండలము మీదుగా ఆగ్నేయమునకు సాగెను. లాకియరు బేకలు కోటకడ నుండెను. జాన్సెన్ ఉదకమండలము దాపునగల షోలూరున నుండెను. మద్రాసు నక్షత్రశాలవారు అవనాశిని ఎన్నుకొనిరి. అవినాశిలింగేశ్వరుని కోవెలవలన ప్రసిద్ధమైన యూరది. అపుడు కోయంబత్తూరు మండలములోనిది, ఇపుడు తిరుప్పూరు జిల్లాలోనిది. చుట్టుప్రక్కల పల్లడము మొదలగు తావులందు తెలుగు కుటుంబములు నాటికే తరతరములుగా నున్నవి. పాగ్సనుతో పాటు రఘునాథాచారియు అవనాశి శిబిరమున నుండెను.

రఘునాథాచారిని గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆయన పంచాంగకర్తల వంశమున పుట్టినవాడు. 1867లో ఆర్ రెటిక్యులి యను చరకాంతి నక్షత్రమును కనుగొన్న కీర్తి ఆయనది. ఇంగ్లండులోని రాయల్ ఖగోళ సంఘమునకు సభ్యుడుగా 1872లో ఎన్నుకోబడెను. ప్రత్యక్ష వేధకు సరిపడు దృగ్గణిత పంచాంగమును ప్రకటించెను. 1874 నాటి శుక్ర సంక్రమణమును దేశభాషలలో సామాన్యులకు వివరింప ప్రయత్నించెను. పంచాంగమును విడువక, దూరదర్శినిని వదలక, రెంటిని ఒకదానితో నొకటి సరిచూచిన మనస్సాయనది. గ్రహణమునకు సంబంధించిన మన ఆచారమునకును, నేటి శాస్త్రమునకును నడుమ సామరస్యము కోరువారికి ఆయన మార్గమే మార్గము.

1871లో పరిశోధకుల దృష్టి కరోనా మీద, అనగా సంపూర్ణ గ్రహణవేళ నల్లని చంద్రబింబము చుట్టును ముత్యపు కాంతితో కనబడు పరివేషముమీద నిలిచెను. అది సూర్యునిదా, చంద్రునిదా, మన వాయుమండలపు భ్రమయా యను వాదము నాటికి పూర్తిగా తీరలేదు. జాన్సెన్ షోలూరునందు ఆ పరివేషపు వర్ణపటములో సూర్యకాంతికి సహజమైన నల్లగీతలను చూచి, అది సూర్యునికి చెందినదే యను నిశ్చయమునకు బలము చేకూర్చెను. ఆ పరివేషపు ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీలకు మించునని 1939 తరువాత గ్రోట్రియను, ఎడ్లెను అను పండితుల కృషివలన తేలెను. అంత వేడిమి గల వాయువు ఎక్సు కిరణములను వెలువరించును. ఆ కిరణములకు మన ప్రస్తుత విషయముతో నేమి పని యన్నది ముందు చెప్పబడును.

ఆకాశమున నొక అద్దము

అవనాశి గ్రహణము జరిగిన సరిగా 30 ఏండ్లకు, అదే తేదీని, అనగా 1901 డిసెంబరు 12న, మార్కోని అట్లాంటిక్ మహాసముద్రమున కావలినుండి వచ్చిన తంతిలేని వార్తను న్యూఫౌండ్లాండునందు వినెను. కాంతివలె తిన్నగా పోవలసిన తరంగము భూగోళపు వంపును దాటి యెట్లు వచ్చెను? 1902లో కెన్నెలీ, హెవిసైడు అనువారు వేఱువేఱుగా ఒకే సమాధానము చెప్పిరి. మిక్కిలి యెత్తున విద్యుత్తు ప్రవహింపగల పొర యొకటి యున్నది. తరంగము దానిని తాకి అద్దమునుండి కాంతివలె క్రిందికి మరలును. 1924లో ఆపిల్టన్ ప్రయోగముచేత ఆ పొర యునికిని స్థాపించెను. అందులకే ఆయనకు 1947లో నోబెలు బహుమానము లభించెను.

ఈ విద్యున్మయ మండలమునకే అయనావరణమని పేరు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములును, ఎక్సు కిరణములును గాలి యణువులనుండి ఎలక్ట్రానులను వేఱుచేయుటవలన నిది యేర్పడును. 60 మొదలు 90 కిలోమీటర్ల వఱకు గల పొరకు డి యనియు, దానిపైన సుమారు 150 కిలోమీటర్ల వఱకు గల పొరకు ఇ యనియు, అంతకు పైదానికి ఎఫ్ అనియు వ్యవహారము. ఎఫ్ పొర పగటివేళ రెండుగా చీలును. డి పొర రేడియో తరంగములను త్రిప్పి పంపుట కంటె మ్రింగివేయుట యెక్కువ. ప్రొద్దుగ్రుంకగానే అది మాయమగును.

ఈ విషయము మన యిండ్లవారికి శాస్త్రము చదువకయే తెలియును. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను. పగలు ఈ ప్రాంతమున దాని మధ్యతరంగ ప్రసారమును పట్టుట కష్టము. చీకటి పడిన పిదప మీట త్రిప్పినచో, గరగర ధ్వనుల నడుమ తెలుగు మాట వినబడెడిది. ఊరి మధ్య అరుగుమీద పెట్టెచుట్టు చేరి విన్నవారు ఆ మాట తమకు తెచ్చియిచ్చినది ఇ, ఎఫ్ పొరలనియు, అడ్డు తొలగినది డి పొర యనియు ఎఱుగరు. రేడియో పెట్టెలు సంపన్నుల సొత్తుగానున్న 1941లోనే, అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు చేసి యీయగలనని ప్రకటించిన జి. డి. నాయుడుగారు ఈ కోయంబత్తూరు తెలుగువారిలోని వారే యని జ్ఞప్తి చేసికొనుట అప్రస్తుతము కాదు.

కాంతియా, కణములా?

అయనావరణమును సూర్యుడు చేయుచున్నాడనుట స్పష్టమే. కాని సూర్యునినుండి వచ్చునవి రెండు తెగలు: ఒకటి కాంతి, రెండవది విద్యుత్కణముల ప్రవాహము. ఈ రెంటిలో పని చేయునది యేది? సూర్యుడు ప్రకాశించుచుండగా రెండును ఏకకాలమున పడుచుండును గాన వేఱుచేసి చూచుట దుర్ఘటము. ఒక దానిని మాత్రము అడ్డగింపగల తెర యొకటి కావలెను. ఆ తెర చంద్రుడు.

కాంతి సూర్యునినుండి భూమికి చేరుటకు 8 నిమిషములకు కొంచెము పైగా పట్టును. సూర్యునిపై గొప్ప విస్ఫోటము జరిగిన ఒకటి రెండు దినములకు అయస్కాంత క్షోభ కలుగుచుండుటను బట్టి, కణముల వేగము సెకండునకు సుమారు 1600 కిలోమీటర్లని నాడు లెక్కవేసిరి. భూమి సూర్యుని చుట్టును సెకండునకు 30 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచున్నది. తిన్నగా కురియు వానలో పరుగెత్తువానికి చినుకులు ఎదుటినుండి వాలుగా తగులును గదా. అట్లే భూమిపై నున్న వారికి ఈ కణములు సూర్యబింబమునుండి గాక, దానికి పడమటగా ఒక డిగ్రీ దూరమునుండి వచ్చినట్లుండును. చంద్రుడు సూర్యునితో పోల్చిచూడగా గంటకు అర డిగ్రీ చొప్పున పడమటినుండి తూర్పునకు జరుగును. కావున చంద్రుడు ముందుగా కణముల మార్గమును, సుమారు రెండు గంటల తరువాత కాంతి మార్గమును అడ్డగింపవలెను. అనగా కంటికి కనబడు గ్రహణమునకు రెండు గంటల ముందే, కంటికి కనబడని కణగ్రహణ మొకటి జరుగవలెను. ఈ చక్కని తర్కమును 1932లో సిడ్నీ చాప్మన్ ప్రతిపాదించెను.

అదే సంవత్సరము ఆగస్టు 31న ఉత్తర అమెరికాలో సంపూర్ణ గ్రహణము కలిగెను. పరిశోధకులు రేడియో స్పందనములను పైకి పంపి, మరలి వచ్చినవానిని బట్టి పొరల సాంద్రతను కొలిచిరి. ఇ పొరలోను, ఎఫ్ పొర క్రింది భాగములోను ఎలక్ట్రానులు తగ్గుట కనబడు గ్రహణముతోనే మొదలయ్యెను. అది విడుచుటతో తిరిగి పెరుగుట మొదలిడెను. రెండు గంటల ముందు చెప్పుకొనదగిన మార్పు లేదు. కాంతి నేరము రుజువయ్యెను. కణములు విడుదల పొందెను. సామాన్యపు పగటి అయనావరణమును చేయునది సూర్యరశ్మియే యను నేటి సిద్ధాంతమునకు ఆ గ్రహణము గట్టి యాధారము.

ఇందొక చిన్న లెక్కయు కలదు. ఇ పొరలో ఎలక్ట్రాను మరల అయానుతో కలిసిపోవుట నిమిషములలో జరుగును. ఆ కలయిక రెండు తెగల సంఖ్యలను బట్టి యుండుటచేత, రశ్మి నాలుగవ వంతునకు తగ్గినచో ఎలక్ట్రానుల సంఖ్య సగమునకు మాత్రమే దిగును. మఱియు సంపూర్ణ గ్రహణమునందు సైతము అది శూన్యము కాదు. చంద్రుడు సూర్యబింబమును కప్పునే గాని దాని వెలుపల వ్యాపించిన కరోనాను పూర్తిగా కప్పలేడు. 1958 అక్టోబరు 12న పసిఫిక్ మహాసముద్రములో అమెరికా నౌకాదళ పరిశోధకులు గ్రహణవేళ రాకెట్లను పంపి, సంపూర్ణతలో హైడ్రోజను యొక్క అతినీలలోహిత కాంతి దాదాపు పూర్తిగా మాయమగుననియు, ఎక్సు కిరణములు మాత్రము కొంత మిగులుననియు చూపిరి. 1871లో అవనాశి పొలములనుండి మనుజులు కన్నులార చూచిన ముత్యపు పరివేషమే ఆ మిగులునకు జన్మస్థానము.

కొడైకెనాలు విశేషము

పళని కొండలపైని కొడైకెనాలు సూర్యపరిశోధనాలయము 1899 నుండి పనిచేయుచున్నది. ఆ యూరు 1985లో దిండిగల్లు జిల్లా యేర్పడువఱకు మధుర మండలములోనిది. ఎవర్షెడ్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకళంకములలో వాయువులు వెలుపలికి పారుటను 1909లో కనుగొన్న దిచ్చటనే. హైదరాబాదు నిజాము కళాశాలలో చదివిన వేణు బప్పు 1960లో దీని కధిపతి యయ్యెను. సూర్యుని చిత్రించుటయే గాక, భూమి యయస్కాంతత్వమును, అయనావరణమును కొలుచు పనియు ఇచ్చట సాగెను. 1957 జూలై నుండి 1958 డిసెంబరు వఱకు జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున ఈ కొలతలకు ప్రపంచమున మిక్కిలి గౌరవము కలిగెను.

కారణ మీ తావు విశేషము. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణాగ్రమునకు సమీపమున పోవుచున్నది. తిరువనంతపురము దాపున తుంబాలో 1963 నవంబరు 21న మొదటి రాకెట్టు నెగురవేయుటకు ఆ తావును ఎన్నుకొనుటలోని హేతువు నిదియే. ఆ రేఖకు ఇరుప్రక్కల కొలది డిగ్రీల మేరలో, సుమారు 105 కిలోమీటర్ల యెత్తున, పగటివేళ తూర్పునకు బలమైన విద్యుత్ప్రవాహ మొకటి ఇరుకైన కాలువవలె పారును. చాప్మన్ దానికి 1951లో పేరు పెట్టెను. మనము మధ్యరేఖా విద్యుద్ధార యనవచ్చును. ఆ ధార బలపడినపుడు కొడైకెనాలులోని అయస్కాంతమాపకపు గీత పైకి లేచును, బలహీనమైనపుడు దిగును.

గ్రహణపు నీడ ఈ కాలువ మీదుగా పోయినచో, ఎలక్ట్రానులు తగ్గి, విద్యుత్తు పారుట కష్టమగును. 2010 జనవరి 15న కన్యాకుమారి, రామేశ్వరము ప్రాంతములమీదుగా కంకణ గ్రహణము జరిగినపుడు ధార సన్నగిల్లుటయే గాక, ఎదురు దిశకు మరలినట్లు దక్షిణ దేశపు అయస్కాంత కేంద్రములు నమోదు చేసెను. ఆ సందర్భమున తుంబానుండి రాకెట్లను పంపి పరిశీలించిరి.

ఎఫ్ పొరపై భాగపు నడవడి యింత సులభము కాదు. అచ్చట ఎలక్ట్రానులు గంటలకొలది బ్రతుకును. పుట్టినచోటనే యుండక కదలును. అయస్కాంత మధ్యరేఖపై పగలు అవి ఊటవలె పైకెగసి, అయస్కాంత రేఖల వెంబడి ఇరువైపుల జారి దూరమున గుట్టపడును. ఆపిల్టన్ 1946లో గుర్తించిన ఈ వింతలో మధుర సీమ ఊట మొదటను, వాల్తేరు జారుడు దారిలోను, అహమ్మదాబాదు గుట్టకడను ఉన్నట్లు చెప్పవచ్చును. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య బి. రామచంద్రరావుగారు నెలకొల్పిన అయనావరణ పరిశోధన ఆ నడిమి దారి పరిశీలనకు ఎంతయు తోడ్పడెను. గ్రహణవేళ ఒకచోట ఎలక్ట్రానులు తగ్గి, వేఱొకచోట ఆలస్యముగా తగ్గుట, ఇంకొకచోట వేఱు విధముగా మారుట కీ యూటయే కారణము.

శక్తిమంతములగు కణముల సంగతి

అట్లయిన కణములు నిర్దోషులా? పగటి పొరను చేసిన నేరమునుండి మాత్రమే అవి తప్పించుకొన్నవి. సూర్యునిపై విస్ఫోటము కలిగినపుడు మూడు దూతలు మూడు వేగములతో బయలుదేరును. మొదటి దూత ఎక్సు కిరణము. ఎనిమిది నిమిషములలో చేరి డి పొరను చిక్కబఱచును. అపుడు పగటివైపున హ్రస్వతరంగ రేడియో చటుక్కున మూగవోవును. మన సీమకును ఈ బాధ తప్పదు. రెండవ దూత అతివేగముగల ప్రోటాను. కొన్నిట అరగంటలోపుననే చేరును. మూడవది అయస్కాంత బలముతో కూడిన వాయుమేఘము. ఒకటి మొదలు మూడు దినములలో వచ్చి అయస్కాంత క్షోభను కలిగించును. 1859 సెప్టెంబరు నాటి మహాక్షోభను బొంబాయి కొలాబా కేంద్రము నమోదు చేసెను.

రెండవ దూత విషయమున మన తావు భాగ్యము గలది. విద్యుత్కణము అయస్కాంత రేఖలకు అడ్డముగా చొచ్చుట కష్టము. వాని వెంబడి జారుట సులభము. ధ్రువములకడ రేఖలు నిలువుగా దిగును గాన ప్రోటానులు అచ్చట లోనికి ప్రవేశించి, ధ్రువప్రాంతపు డి పొరను దినముల తరబడి చిక్కబఱచును. మధ్యరేఖకడ రేఖలు నేలకు సమాంతరముగా కోటగోడవలె నిలుచును. అందులోను దక్షిణ భారతముమీద ఈ గోడ ప్రపంచమున మిక్కిలి యెత్తైన వానిలో నొకటి. సుమారు 17 గిగావోల్టుల దృఢత్వము లేని కణము నిలువున లోనికి రాలేదు. సూర్యకణములలో అంతటి శక్తి గలవి మిక్కిలి యరుదు. ఉదకమండలమునందలి గ్రేప్స్ ప్రయోగశాల నిత్యము లెక్కించు విశ్వకిరణములు ఆ గోడను దాటి వచ్చినవే. 2015 జూన్ 22 నాటి క్షోభలో గోడ కొంతసేపు బలహీనపడగా, లోనికి వచ్చిన కణములవలన మ్యూయానుల సంఖ్య హఠాత్తుగా పెరుగుట ఆ ప్రయోగశాలవారు గుర్తించిరి.

ఇక మన ప్రశ్నకు వత్తము. గ్రహణవేళ కణములు హెచ్చునా? హెచ్చుటకు హేతువు లేదు. చంద్రుడు సూర్యునిపై దేనిని రేపడు. అమావాస్యనాడు అతడు భూమికిని సూర్యునికిని నడుమ నొక రాతిగుండువలె అడ్డము వచ్చును, అంతియే. విస్ఫోటము గ్రహణదినమున కలుగవచ్చును, కలుగకపోవచ్చును. రెంటికి సంబంధము లేదు. అయనావరణమునకు గ్రహణము ఒక చిన్న రాత్రి మాత్రమే. ప్రతి సాయంకాలము ఇంతకంటె పెద్ద మార్పును మన వంటయిండ్లపైని ఆకాశము పొందుచునే యున్నది. ఆ రాత్రి వండిన యన్నమును మనము తినుచునే యున్నాము.

కంటికి ప్రమాదము మాత్రము సత్యము. అది క్రొత్త కిరణమువలన కాదు. ఏనాడైనను సూర్యుని తేఱిపాఱ చూచినచో కలుగు హానియే. వెలుగు తగ్గుటచే గ్రహణదినమున చూడ సాహసింతుము, అంతే భేదము. కంకణ గ్రహణమున మిగిలిన సన్నని వలయమైనను కంటిపొరను కాల్చగలదు. తగిన రక్షణ లేక చూడరాదు.

ముగింపు

పట్టుస్నానము, విడుపుస్నానము, జపము, దానము మన పెద్దల శ్రద్ధకు గుర్తులు. గ్రహణ పుణ్యకాలమున చేసిన దానములను చెక్కించిన శాసనములు నేడు చరిత్రకారులకు కాలనిర్ణయమున తోడ్పడుచున్నవి. ఆచారమును ఆచారముగా గౌరవించుట తగును. కాని దానికి లేని శాస్త్రమును అంటగట్టినచో, ఆచారమునకును మేలు లేదు, శాస్త్రమునకును లేదు.

2019 డిసెంబరు 26 ఉదయము కంకణ గ్రహణపు దారి కోయంబత్తూరు, మధుర రెంటిని స్పృశించుచు పోయెను. రెండు సీమల తెలుగు పిల్లలకు ఇండ్ల ముంగిటనే లభించిన పాఠమది. పలువురు మూసిన తలుపుల వెనుక నుండి దానిని కోల్పోయిరి. తెలుగు చదువు గంటలు తగ్గుచున్న యీ కాలమున, అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో బోధించువారికి ఇది రెండింతల నష్టము. పిల్లవానికి గ్రహణమును గూర్చిన భయము తెలుగులో అందుచున్నది. గ్రహణమును గూర్చిన జ్ఞానము మాత్రము పరభాషలో అందుచున్నది. ఇట్లయిన తెలుగు భయమునకు భాషయై, జ్ఞానమునకు కాకుండపోవును. అయనావరణము, విద్యుద్ధార, కంకణ గ్రహణము మొదలగు మాటలు వాని నోట పలికింపవలసిన భారము మనది.

2023 సెప్టెంబరు 2న తెలుగు నేలయగు శ్రీహరికోటనుండి ఆదిత్య ఎల్-1 బయలుదేరి, 2024 జనవరి 6న తన కక్ష్యను చేరెను. దానియందలి ఒక సాధనము సూర్యబింబమును కృత్రిమముగా కప్పి కరోనాను చూచును; కొడైకెనాలు పరిశోధనాలయము ఏ సంస్థకు చెందినదో ఆ భారత ఖగోళభౌతిక సంస్థయే దానిని నిర్మించెను. మఱియొక సాధనము సూర్యకణములను లెక్కించును. 1932లో చంద్రుని సాయముతో వేఱుచేసిన కాంతిని, కణములను ఇపుడొకే నౌక వేఱువేఱుగా కొలుచుచున్నది.

2031 మే 21న మఱియొక కంకణ గ్రహణము మధుర ప్రాంతముమీదుగా పోనున్నది. నేడు మొదటి తరగతిలో ఓనమాలు దిద్దుచున్న పిల్లలు అప్పటికి పెద్ద తరగతులలో నుందురు. ఆ దినమున వారు తగిన అద్దములు ధరించి ముంగిట నిలిచి, తామేమి చూచుచున్నారో తెలుగులో చెప్పగలుగునట్లు ఇప్పటినుండి సిద్ధపఱచుట మన సంఘములకును, పాఠశాలలకును కర్తవ్యము.